బోరం నోట్‌బుక్

కొరియాలోని జొంజు ఊళ్ళో, మా కాలేజీలో ఫీజు మాఫీ మొదటి ర్యాంకు వచ్చిన ఒక్కరికే. దాచుకున్న డబ్బు ఈ టర్ముతో సరి; ఈసారి అది నాకు రాకపోతే చదువు ఆపి, మళ్ళీ ఏడాదిపాటు కాఫీ షాపులో కప్పులు కడగాలి. ఒకసారి కడిగొచ్చాను గనకే నాకంటే ఏడాది చిన్నదైన బోరంతో ఒకే క్లాసులో పడ్డాను. రెండు టర్ములుగా మొదటి ర్యాంకు దానిదే. దాని పేరు వింటే చాలు, నాకు ఒళ్ళు మండేది.

పోనీ కష్టపడిందా అంటే అదీ లేదు! మేమంతా ప్రొఫెసర్ నోట్లోంచి ఊడిపడ్డ ప్రతి ముక్కా రాసుకునేవాళ్ళం. ఆయన జోకేస్తే జోకు కూడా, ఎక్కడ పరీక్షలో అడుగుతాడోనని. నేనైతే ఐదు రంగుల్లో రాసేదాన్ని. బోరం మాత్రం చేతులు కట్టుకుని వినేది. క్లాసయ్యాక ఏవో నాలుగు ముక్కలు గీకి, సగం పేజీ ఖాళీగా వదిలేసేది.

"ఇంతేనా నీ నోట్సు?" అన్నాను ఒకరోజు, క్యాంటీన్‌లో సోయా మొలకల పులుసు తాగుతూ.

"ఇంతే అక్కా. నా బుర్రకి ఇంతకన్నా పట్టదు," అని నవ్వింది.

నంగనాచి! పులుసు గిన్నె పక్కకు నెట్టేశాను.

పరీక్షలకు ఐదు రోజులుందనగా, లైబ్రరీలో సీటు పోకుండా నోట్‌బుక్ బల్లమీద పెట్టి అది భోజనానికి వెళ్ళింది. మా ఊళ్ళో ల్యాప్‌టాప్ వదిలి వెళ్ళినా ఎవరూ ముట్టుకోరు. నేను ముట్టుకున్నాను. బ్యాగులో పడేసుకుని గబగబా మెట్లు దిగాను.

గదికెళ్ళి తెరిస్తే అన్నీ ప్రశ్నలే, ఒక్క జవాబూ లేదు! ఇది ఎందుకు జరిగింది, జరక్కపోతే ఏమయ్యేది అంటూ పేజీల నిండా అవే. సగానికి పైగా నాకు తెలియలేదు. సరేలే, ఇప్పుడు దానికీ నోట్సు లేదుగా అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మూడోనాడు బోరం కాగితాల కట్టతో ఎదురైంది.

"అక్కా, నా నోట్‌బుక్ పోయింది, తెలుసా?"

"అయ్యో, ఏ పాపిష్టిది తీసిందో!" అన్నాను.

"పోయి మంచిదే అయిందిలే అక్కా. ప్రశ్నలన్నీ గుర్తుచేసుకుని, ఏమీ చూడకుండా జవాబులతో సహా రాశాను. ఏది రాదో అప్పుడే తెలిసింది. ఇదిగో, నీకో కాపీ. నువ్వు మళ్ళీ చదువు ఆపేస్తే నాకేం బాగుంటుంది?"

జాలి! నామీద జాలి! తీసుకోనైతే తీసుకున్నాను గానీ, కడుపుమంటతో ఒక్క పేజీ కూడా తిప్పలేదు. నా రంగుల నోట్సే ఐదుసార్లు చదివాను.

రెండో ర్యాంకు వచ్చింది.

చదువు ఆపుతున్నట్టు ఆఫీసులో దరఖాస్తు నింపుతుంటే, కారణం అన్నచోట బోరం పేరు రాయాలనిపించింది. చివరికి ఇంటి ఇబ్బందులు అని రాసి ఇచ్చేశాను.