సూసన్న కళ్ళు

తెనాలిలో మా నాన్న రత్నరాజుగారి ఫొటో స్టూడియో తెలియనివాళ్ళు లేరు. ఆ నలుపు తెలుపు ఫొటోలకు రంగులద్దింది మాత్రం అమ్మ. చీరల అంచులు, చెంపల ఎరుపు, అన్నీ ఆవిడ కుంచెవే. కింద ముద్ర నాన్న పేరుతో పడేది. కష్టం ఒకరిది, పేరొకరిది. ఆ మాటంటే అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు ఒళ్ళు మండేది.

ఆ స్టూడియోలో నాకు గుర్తున్నది ఒక్క చెంపదెబ్బ. నాలుగేళ్ళదాన్ని. అమ్మ రంగులేస్తూ, నా తప్పేమీ లేకుండానే కొట్టింది. ఎందుకో చెప్పలేదు, నేనూ మరిచిపోలేదు.

నాన్న పోయాక అమ్మను అమెరికాకు, నేనుండే పిస్కాటవేకు తెచ్చుకున్నాను. పంధొమ్మిది వందల ఎనభై ఆరులో, అక్కడి యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ చెప్పే విద్య మా ఇంటికొచ్చింది. ఎవరూ పట్టించుకోని ఆడ ఆర్టిస్టుల మీద పుస్తకం రాస్తోందట. అందులో ‘విమలకుమారి’ అని అమ్మ పేరుతోనే ఒక చాప్టర్ ఉంటుందంది. అమ్మ చర్చి నుంచి వచ్చి పట్టుచీర మార్చకుండానే కూర్చుంది. అరవై దాటాక తనను ఒకరు ఆర్టిస్ట్ అన్నారని దాచుకోలేనంత సంబరం.

అమ్మ రంగులేసిన పాత ఫొటోలు తిరగేస్తూ, మాటల మధ్యలో విద్య గోడ మీద ఫొటో చూసింది. జ్వరంతో పోయిన మా చెల్లెలు సూసన్న, గులాబీ గౌనులో, కుర్చీలో కూర్చుని ఉంటుంది.

“ఓ మై గాడ్, ఆంటీ! ఆ కళ్ళల్లో ఎంత లైఫ్ ఉంది! కవర్‌కి ఇదే కావాలి.”

“అది వద్దమ్మా. తక్కినవి ఏవైనా తీసుకో.”

“అవన్నీ ఫేడ్ అయిపోయాయి ఆంటీ. ఇది లేకపోతే పబ్లిషర్ చాప్టరే కట్ చేస్తారు.”

నేను ఆగలేకపోయాను. “ఇవ్వవే అమ్మా! జన్మంతా నాన్న ముద్ర వెనకే ఉండిపోయావు. నోటికాడి ముద్ద జారవిడుచుకుంటావా?”

అమ్మ లేచి ఫొటో దింపింది. కొంగుతో అద్దం తుడిచింది.

“ఈ ఫొటో తీసేటప్పటికి బిడ్డ లేదమ్మా విద్యా. స్టూడియో పెట్టుకుని కూడా, బతికుండగా దానికి ఒక్క ఫొటో తియ్యలేదు. సమాధికి తీసుకెళ్ళేముందు కుర్చీలో కూర్చోబెట్టి అంకుల్ తీశారు. పోయినవాళ్ళకు కళ్ళు తెరిచినట్టు గీయడం నా పనే. ఎందరికో గీశాను. దీనికి చెయ్యాడలేదు. ఎంత తలుచుకున్నా దాని కళ్ళు గుర్తుకు రాలేదు.”

విద్య రాయడం ఆపేసింది.

“అందుకని దీన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నా” అని నన్ను చూపించింది. “ఇద్దరివీ ఒకే కళ్ళనేవారు. ఇదేమో చెల్లి కావాలని ఒకటే ఏడుపు. కళ్ళు ఎర్రబడితే నేనెలా గీసేది? ఏడవకు, తల ఎత్తు అని ఒక్కటిచ్చా. బెదిరిపోయి అలాగే చూసింది. ఆ చూపే గీశాను. దాని కింద నా పేరు వేసుకోమంటావా?”

“సారీ ఆంటీ” అంది విద్య. “కానీ చాప్టర్ ఉంటుందని చెప్పలేను.”

“లేకపోతే పోనీ” అంది అమ్మ. ఆ గొంతులో ఇందాకటి సంబరం లేదు.

విద్య కారు వెళ్ళిపోయాక అమ్మ ఫొటోను మళ్ళీ మేకుకు తగిలించింది. ఇన్నేళ్ళూ చెల్లెలివనుకున్న ఆ కళ్ళను చూడలేకపోయాను. ఏడుపు తన్నుకొచ్చి తల దించుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి తల ఎత్తమనలేదు.