మడత వెనక మనిషి

వార్డు గుమ్మం దగ్గర స్ట్రెచర్ బండి చక్రం మళ్లీ మొరాయించింది. అతను కాలితో ఒక్కటి తన్ని దాన్ని దారికి తెచ్చాడు. భుజాన వేలాడుతున్న సంచీలోంచి తాత ఫోటో ఫ్రేము పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. పొద్దుటినుంచీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"మా నాన్న ఏ దళంలో చేశాడో కనుక్కురా పెద్దోడా. నేను పోయాక ఎవరికి కావాలి?" అంది అమ్మ, పొద్దున అతను ఇంట్లోంచి బయల్దేరుతుంటే, మంచం మీంచే.

అమ్మ ఇంకా వాళ్లమ్మ కడుపులో ఉండగానే తాత యుద్ధానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆమెకు తండ్రంటే ఆ ఫోటోయే. మందపాటి కోటు, మెలితిప్పిన మీసం, పిడికిలిలో తుపాకీ కొస. మిగతా తుపాకీ ఫ్రేము అంచు వెనక ఉందని ఇంట్లో అందరి నమ్మకం. "మా నాన్న తుపాకీ పట్టాడు, నువ్వు మంచాలు తోస్తున్నావు" అని అమ్మ నవ్వుతూనే అనేది. అతనూ నవ్వేవాడు. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఆ మాట గుర్తొచ్చేది.

భోజనాల వేళ తిండి మానేసి ఫ్రేముల షాపుకి పరిగెత్తాడు.

"మీ తాతగారికన్నా ఈ మేకులే మొండివండీ" అంటూ షాపాయన వెనక అట్ట ఊడదీశాడు. ఫోటో అంచు లోపలికి మడిచి ఉంది. మెల్లగా విప్పితే ఇంకో మనిషి బయటపడ్డాడు. అదే కోటు, చేతికి శిలువ గుర్తున్న గుడ్డపట్టీ, నోరారా నవ్వు. ఇద్దరి మధ్యా రెండు కర్రలకి చుట్టిన కాన్వాసు. తాత పిడికిలిలో ఉన్నది ఆ కర్ర కొస.

"ఇందులో తుపాకీ లేదండీ" అన్నాడు షాపాయన.

అతను తాత మణికట్టునే చూస్తున్నాడు. నడుముకి తగలకుండా కాస్త బయటికి తిప్పి ఉంది. లిఫ్టు ఆగిపోయిన రోజు తనూ స్ట్రెచర్ని అలాగే పట్టుకుంటాడు.

"గాయపడ్డవాళ్లని మోసే దళం" అన్నాడు చివరికి.

ఆ మధ్యాహ్నం ఒక రోగిని పొరపాటున వేరే గదికి తోసుకుపోయాడు. "బుర్ర ఎక్కడ పెట్టావయ్యా?" అని నర్సమ్మ కసిరింది. ఈ వయసులో అమ్మ చేతిలోంచి ఆ తుపాకీ లాక్కోవాలా?

సాయంత్రం ఇంటికెళ్లి ఫోటో అమ్మ చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

ఆమె రెండో మనిషిని చాలాసేపు చూసింది. "గోడమీద పరాయి మగాడెందుకని మా అమ్మే మడిపించి ఉంటుంది. అయితే మా నాన్న ఎవర్నీ చంపలేదన్నమాట."

"మోశాడమ్మా."

"ఏదీ, ఎలా పట్టుకుంటారో చూపించు."

అతను మంచం పట్టె పట్టుకున్నాడు. ఆమె వేళ్లు అతని కణుపుల మీద తడుముకుంటూ వెళ్లాయి. "ఊఁ... మా నాన్న చెయ్యే. మనుషులు బరువుంటార్రా?"

"స్పృహ లేనివాళ్లు ఉంటారు."

"నేనుండను లే."

తెల్లారి ఆమె లేవలేదు. పక్కింటాయన కాళ్లవైపు పట్టాడు, అతను తలవైపు పట్టాడు. అన్నట్టే, బరువు లేదు.

విప్పిన ఫోటో పాత ఫ్రేములో పట్టలేదు. ఖాళీ మంచం మీదే ఉండిపోయింది, నవ్వుతున్న మనిషి ఉన్న వైపు మడత దగ్గర కొంచెం పైకి లేచి.