జబ్బుదాని వంతు చివర

మా అత్తయ్యకు ఒక జబ్బుంది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మిగతా ప్రపంచాన్ని గాలికొదిలేసి వాళ్ళ మంచం పక్కన చేరిపోతుంది. నాకొకసారి జ్వరమొస్తే, "నేనెక్కడికీ పోను గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, వెళ్ళండి అత్తయ్యా" అని దుప్పట్లోంచి నేనే బతిమాలుకోవాల్సి వచ్చింది.

మనుషుల దగ్గర సరే, ఆవుల షెడ్డులోనూ ఆవిడది ఇదే తీరు. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, నీరసంగా ఉన్న దూడ ఎక్కడుంటే నేరుగా అక్కడికే. దాని తల ఒళ్ళో పెట్టుకుని, తోక కింద తుడిచి, పాలసీసా నోటికందించి, ఆ బట్టలతోనే, ఆ బూట్లతోనే మిగతా దూడల దగ్గరికి వెళ్ళేది. ఆవిడ వచ్చేదాకా ఆకలికి అరిచే దూడలను సముదాయించడం నా పని. లోపల విసుక్కునేదాన్ని, పైకి నోరు నొక్కుకునేదాన్ని.

ఆ చలికాలం మా దూడలు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. పుట్టగానే చెంగుచెంగున గెంతిన దూడ, కొన్నాళ్ళు తిరిగేసరికి నీళ్ళలా పారడం మొదలుపెట్టి, కళ్ళు లోపలికి పోయి, చెవులు వేలాడేసేది. రెండు మా చేతుల్లోనే పోయాయి. మూడోది, నుదుట తెల్లమచ్చ ఉన్న బొట్టుది, చివరి గదిలో పడి ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, మొండిది ఒక ఎత్తు. మొండిది అత్తయ్య తన చేత్తో సీసాపాలు పట్టి పెంచుకున్న ఆవు. వయసు మీద పడింది, కిందటి ఈతలో దూడ ఇలాగే పారుడొచ్చి చచ్చిపోయింది, ఇప్పుడు నిండు చూలుతో ఉంది. ఇదే దాని ఆఖరి కాన్పని అందరికీ తెలుసు. ఈ ఒక్క దూడా బతికితే చాలు, ఇంకేమీ అడగనని అత్తయ్య ఎన్నిసార్లు అందో.

పేడ పరీక్షకు పట్టుకెళ్ళిన పశువుల డాక్టరమ్మ ఫలితంతో తిరిగొచ్చింది.

"కరోనా వైరస్," అంది.

మా ఆయన గబుక్కున వెనక్కి జరిగి తువ్వాలుతో ముక్కు మూసుకున్నాడు.

"మీరనుకునేది కాదండీ. ఆ కుటుంబమే గానీ ఇది వేరు, పశువులది. చిన్న దూడలకు ఇలా పారుడు తెస్తుంది. చలికాలంలో పెద్ద ఆవులకూ రక్త విరేచనాలు తెప్పిస్తుంది, ఒక్కోసారి దగ్గు కూడా. తువ్వాలు తీసేయొచ్చు."

"మందు?" అన్నాను.

"దీన్ని చంపే మందంటూ లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే. పాలు మానొద్దు, మధ్యమధ్యలో ఈ పొడి కలిపిన నీళ్ళు పట్టండి." తర్వాత అత్తయ్య వైపు తిరిగింది. "పొద్దున్న పని ఎక్కడ మొదలుపెడతారమ్మా?"

"బాగాలేనిదాని దగ్గరే," అంది అత్తయ్య, కాస్త గర్వంగానే. "దాన్ని చూశాకే మిగతావి."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇక నుంచి అది చివర. ముందు బాగున్నవి, అందులోనూ పసివి. పేడలో ఉన్న వైరస్ బూట్లతో, బకెట్లతో, బట్టలతో వెళ్తుంది."

అత్తయ్య తన చేతుల వైపు చూసుకుంది. "అంటే నేనే మోసుకెళ్ళానా?"

"మీరొక్కరే కాదు. పెద్ద ఆవులు పైకి బాగానే ఉండి పేడలో వైరస్‌ను వదులుతుంటాయి. ఎక్కడి నుంచి మొదలైందో ఎవరూ చెప్పలేరు."

ఇన్నేళ్ళుగా నేను మనసులో విసుక్కున్నదే ఇప్పుడు డాక్టరమ్మ నోట వచ్చింది. గెలిచినట్టు అనిపించాలి కదా. అత్తయ్య మొహం చూశాక, ఆ మాట రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మొండిదానికి ఈనేముందు వేసే టీకా సమయం దాటిపోయింది. శుభ్రమైన చోట ఈనడం, పుట్టగానే ముర్రుపాలు కడుపునిండా పట్టడం, అంతే దారి. మొండిది ఈనడానికని మా ఆయన మోటార్ సైకిల్ని దాని గదిలోంచి వానలోకి గెంటేశాం. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, గది కడిగింది మాత్రం ఆయనే.

మర్నాడు పొద్దున్న చివరి గదిలోంచి బొట్టుది అరిచింది. అత్తయ్య కాళ్ళు అటే తిరిగాయి. నేను చీపురు అడ్డం పెట్టాను.

"పిలుస్తోందే అమ్మాయ్."

"పిలవనివ్వండి అత్తయ్యా. మీరు ముందు అటు వెళ్తే, రేపు ఇంకోటి అలాగే పిలుస్తుంది."

"నా వల్ల కాదు. అది ఆకలితో అరుస్తుంటే వేరేదానికి పాలు పట్టలేను." చివరి గది వైపు చెయ్యి చూపించింది. "అయితే ఒక పని చేద్దాం. నేను బొట్టుదాని దగ్గరే ఉంటా. ఇటు రాను. మొండిదాన్ని నువ్వు చూసుకో."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. మొండిదాని పొదుగు మీద మమ్మల్ని చెయ్యి కూడా వెయ్యనివ్వని మనిషి ఆవిడ.

మొండిది ఒక మధ్యాహ్నం ఈనింది. నాకు చేతులు ఆడలేదు. అత్తయ్య గది బయటి కంచె అవతల నుంచే చెబుతూ నడిపించింది. "అది ముక్కినప్పుడే లాగు. ఊరికే లాగకు. దూడ ముక్కు తుడువు. ముర్రుపాలు తాగిందా?"

"తాగుతోంది."

మొండిది కంచె వైపు మెడ చాచి అంబా అంది. అత్తయ్య అడుగు ముందుకు వెయ్యలేదు.

"నన్నెందుకు చూస్తావు, నీ పిల్లను చూసుకో," అంది దాంతో. కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు.

బొట్టుది సెలైన్ల మీద, పొడి కలిపిన నీళ్ళ మీద, అత్తయ్య మొండితనం మీద బతికింది. ఒక పొద్దున్న లేచి నిలబడి ఆవిడను బకెట్టుతో సహా కుమ్మేసింది. ఆ మధ్యాహ్నం గట్టిపేడ వేస్తే, చూడమని ఇంటిల్లిపాదినీ పిలిచింది మా అత్తయ్య. మేమూ పెళ్ళికొడుకుని చూసినట్టు వెళ్ళి చూశాం.

మొండిదాని దూడ ప్రమాదపు వయసు దాటింది. ఒక్కసారీ పారలేదు. "ఇక మీరు దాని దగ్గరికి వెళ్ళొచ్చు," అని డాక్టరమ్మ చెప్పిన రోజున అత్తయ్య తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, కొత్త బూట్లను కూడా బ్లీచింగ్ నీళ్ళలో రెండుసార్లు ముంచింది. మోటార్ సైకిల్ గది గుమ్మంలో నిలబడి చెయ్యి చాచింది.

దూడ బెదిరి నా వెనక దాక్కుంది.

"కొత్త కదా అత్తయ్యా," అన్నాను.

"ఉండనీ," అందావిడ. మొహమంతా నవ్వు. "నన్ను గుర్తుపట్టలేదంటే నేనొక్కసారి కూడా దాని దగ్గరికి రానట్టేగా."

గుమ్మంలోనే కూర్చుంది. మొండిది వచ్చి ఆవిడ భుజం నాకడం మొదలుపెట్టింది. అది చూసి దూడ నా వెనకనుంచి తల బయటపెట్టింది.