నునుపెక్కువైన పంచ్

కొత్త ఇంజినీరు గీసిన గిన్నె కాగితం మీద ఒక్క దెబ్బకే తయారైంది. రేకును గిన్నెగా నొక్కే ప్రెస్ కింద మాత్రం పెట్టిన ప్రతి రేకూ అడుగు మూలన చిరిగింది. సాయంత్రంలోగా ఒక్కటైనా నిండుగా రాకపోతే ఆమె పద్ధతి పక్కనపెట్టి, పాత పద్ధతిలో రెండు దెబ్బలకే వెళ్తామని మేనేజరు తేల్చి చెప్పాడు.

"మేడమ్, ఇంకో రేకు బలివ్వమంటారా?" అన్నాడు ప్రెస్ నడిపేవాడు.

"ఆగు. ఇచ్చినవి చాల్లే."

ఇంజినీరు చిరిగిన గిన్నెను తిప్పి చూసింది. చిరుగు దగ్గర రేకు పల్చబడింది. ఆమె తలెత్తి, రేకును గుంటలోకి నెట్టే పంచ్‌ను చూసింది. అది తళతళలాడుతోంది! కింది గుంటకు మాత్రమే మెరుగు పెట్టమని ఆమె చెప్పింది. రేకు గుంటలోకి జారాలి గాని పంచ్‌ను అంటిపెట్టుకోవాలి. ఆ పట్టు దొరక్కే సాగి సాగి చిరుగుతోంది.

మెరుగు పెట్టినవాడు ఆమె బాబాయి. షాపులో అందరికీ 'అద్దాలాయన'. అన్న కూతురి మొదటి పని కదా అని, ఎవరూ అడక్కుండానే పంచ్‌నూ అద్దం చేశాడు.

ఆయన చూడకుండా తానే గీకేస్తే సరిపోతుందనిపించింది. దానికి మర్యాద అని పేరు పెట్టుకోబోయి, కాసేపు తనను తాను నిలదీసుకుంది. పిరికితనమని తేలింది. తిన్నగా పాలిష్ గదికి నడిచింది.

"బాబాయ్, నీ పాలిష్ ఎక్కువైంది."

"ఎక్కువవడానికి అదేమన్నా ఉప్పా?"

"పంచ్ మీద రేకు జారిపోతోంది. కాస్త గరుకు చెయ్యాలి."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "గరుకా! నా చేత్తోనా? గీతలు చెరిపి బతికినవాణ్ణే, గీతలు పెట్టమంటావా? ఉండు, మీ నాన్నతో చెప్తా."

"చెప్పుదువుగాని. ముందిది చెయ్యి. నేను చేస్తే అడ్డదిడ్డంగా పడతాయి."

"పడతాయి. మీ నాన్న గడ్డం గీసుకున్నట్టుంటుంది."

గరుకు కాగితం తీసుకుని గొణుక్కుంటూ వచ్చాడు. మొదటి గీత పెట్టేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు. రెండో గీతకల్లా పనిలో పడ్డాడు.

"ఎంత కావాలే?"

"వేలు జారకూడదు, గోరు తగులుకోకూడదు."

"అలా చెప్పు మరి! అది పని."

కింది గుంటకు నూనె రాశారు, రేకు పెట్టారు. ప్రెస్ నెమ్మదిగా దిగి లేచింది. గిన్నె నిండుగా నిలబడింది. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. ఎక్కడా చుక్క వెలుగు దూరలేదు. ప్రెస్ నడిపేవాడు ఈల వేశాడు.

బాబాయి మాత్రం లోపలివైపు తడిమి గిన్నె లాక్కున్నాడు. "ఇన్ని గీతలతో మేనేజరుగారికి చూపిస్తావా? పరువు తీస్తావే నువ్వు!"

"బాబాయ్, ఆయన వచ్చేస్తున్నారు!"

బాబాయి అప్పటికే గిన్నెతో పాలిష్ గదిలోకి మాయమయ్యాడు. మేనేజరు మెట్లు దిగి వచ్చేసరికి పాలిష్ మోటారు మోత తప్ప చూపించడానికి ఏమీ లేదు.

"ఏమ్మా, వచ్చిందా?"

"వచ్చింది సార్," అంది, నవ్వు ఆపుకోలేక. "ముస్తాబవుతోంది."