నీలు పోతన్నాయి

టాటానగర్ దగ్గర బాగ్‌బేరాలో ఒక సందుకి కుళాయి నీళ్లు పొద్దునపూట వస్తాయి. ఆ రోజు నీళ్లతోపాటు ఒక టెంపో వచ్చింది. అందులో కాంక్రీటు పగలగొట్టే మిషను, ఇద్దరు కూలీలు, సూపర్‌వైజర్ మోహిత్ ఉన్నారు. వెనక స్కూటీ మీద నీళ్ల ఆఫీసు నుంచి యోగిత వచ్చింది. ఆమె ఫోనులో ఆ సందు మ్యాపు ఉంది. మ్యాపులో సింహాచలమ్మ ఇంటి పక్కగది మీద లీకు చూపే చుక్క ఉంది.

ఆ గది కింద నుంచి నీళ్ల పైపు వెళ్తుంది. పైపు వేసిన తర్వాత, అనుమతి లేకుండా కట్టిన గది. ఒకసారి పగలగొడితే మళ్లీ కట్టనివ్వరు. సింహాచలమ్మ అందులో గ్రైండరు పెట్టి ఇడ్లీపిండి అమ్ముతుంది. భర్త నీలకంఠం టాటానగర్ రైల్వే యార్డులో డ్యూటీకి వెళ్లాడు. ఆమె గది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆంటీ, నీచే లీక్ హై," అంది యోగిత. "ఉఠియే." కింద లీకుంది, లేవమంటోంది.

"తెలుగు పిల్లవి కదేటి? తెలుగులో సెప్పు."

"సమఝ్‌తీ హూఁ. బోల్నా నహీఁ ఆతా." అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదంది.

"మా పిల్ల రోహిణీ అంతే. అన్నం తిన్నావేటే అంటే హిందీలో తిన్నానంటాది." సింహాచలమ్మ పీట మీద నుంచి లేవలేదు. "లీకని ఎవులు సెప్పినారు?"

"సెన్సర్."

"దాన్నొచ్చి నా ఎదర సెప్పమను."

కూలీలు నవ్వారు. మోహిత్ నవ్వలేదు. ఇంజనీరు వచ్చేలోగా గొయ్యి కనిపించాలని హిందీలో అన్నాడు.

సెన్సర్లు వాల్వుల దగ్గర ఉంటాయి. పైపులో చప్పుడు, ఒత్తిడి రికార్డు చేసి ఆఫీసుకి పంపుతాయి. అక్కడ కంప్యూటరు ఆ రికార్డులు చూసి లీకు ఎక్కడుందో చెబుతుంది. అలా చెప్పాలంటే ముందు దానికి నేర్పాలి, ఇది లీకు, ఇది కాదు అని. అందుకు ఫిర్యాదు ఫోన్లు వాడారు. లీకని జనం ఫోను చేసిన వేళకి సెన్సరులో ఏం రికార్డయిందో వెతికి, దాని మీద లీకని గుర్తు పెట్టారు. తెలుగు ఫోన్లు వినే పని యోగితకి ఇచ్చారు. ఆఫీసులో తెలుగు కుటుంబం నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. ఇదే ఊరి గోవింద్‌పూర్‌లో పెరిగింది. ఇంట్లో నాన్నమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది.

యోగిత ఒకచోట నిలబడలేకపోయింది. వాల్వు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, ఫోను చూసింది. ఈ చుక్క ఆమెను కొన్నాళ్లుగా వేధిస్తోంది. రోజూ పొద్దున ఒకసారి ఎర్రబడుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. లీకు అలా వచ్చి పోదు. ఆ మాట మోహిత్‌తో అంటే, ఒత్తిడి పడిపోయినప్పుడు ఆగుతుందేమో, తవ్వితే తెలుస్తుందన్నాడు.

మోహిత్ కూలీలకి సైగ చేశాడు. వాళ్లు మిషను దింపారు.

సందు కుళాయి దగ్గర నుంచి పొరుగింటి సూరమ్మ సింహాచలమ్మని కేకేసింది. "అప్పా, నీలు పోతన్నాయి. బిందె తే."

యోగిత అటు పరిగెత్తింది. "కహాఁ? కిధర్?" వంగి నేలంతా చూసింది. నేల పొడిగా ఉంది.

"నేలనేటి సూత్తావు? డబ్బులు పడిపోనాయా?" అంది సూరమ్మ. "కుళాయి సూడు."

ధార సన్నబడింది. ఆగింది. కుళాయిలోంచి గాలి బుస్సుమంది. యోగిత చేతిలో ఫోను మోగింది. చుక్క ఎర్రబడింది.

ఆమె కుళాయినీ ఫోనునీ మార్చి మార్చి చూసింది. "పోతన్నాయి... మతలబ్?"

"పోతన్నాయంటే పోతన్నాయే. కరెంటు పోదా? అలాగే నీలూ పోతాయి. ఇంక రేపే."

"లీక్ హో తో?"

"అప్పుడు కారతన్నాయంటాం. పోతన్నాయని ఎందుకంటాం?"

ఫోన్లలో ఆ మాట ఆమె చాలాసార్లు వింది. పానీ జా రహా హై అనుకుంది, నీళ్లు వృథాగా పోతున్నాయని. అవతలి ఆడవాళ్లు చెప్పింది సప్లయి తొందరగా కట్టేస్తున్నారని. విన్న ప్రతిసారీ ఆమె లీకని గుర్తు పెట్టింది. కంప్యూటరు నేర్చుకున్నది అదే. నీళ్లు ఆగి పైపులోకి గాలి చేరే చప్పుడుని అది లీకంటోంది. సందులో ఆఖరి వాల్వు సింహాచలమ్మ గది పక్కనే ఉంది, అందుకే చుక్క అక్కడ పడుతోంది.

యోగిత మోహిత్‌ని టెంపో వెనక్కి తీసుకెళ్లి జరిగింది హిందీలో చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"బర్మామైన్స్‌లో మొన్న గోడ పడగొట్టాం," అన్నాడు. "లీకు దొరకలేదు. అదీ ఇదేనా?"

ఆమె అదేనని తల ఊపింది.

"సరే. ఇవాళ ఇంటావిడ అడ్డుపడిందని రాస్తాను. నువ్వు గుర్తులు నెమ్మదిగా సరిచేసుకో. ఎవరికీ చెప్పకు."

అడ్డుపడిందని రాస్తే చుక్క అక్కడే ఉంటుంది. ఈసారి పోలీసులతో వస్తారు. యోగిత గుమ్మంలోని పీట వైపు చూసింది. సింహాచలమ్మ ఇంకా దాని మీదే ఉంది.

యోగిత అక్కడే నిలబడి ఆఫీసుకి ఫోను చేసింది. తెలుగు ఫోన్లకి తాను పెట్టిన గుర్తులు తప్పని, వాటి మీద వచ్చిన చుక్కల దగ్గర తవ్వకాలు ఆపాలని చెప్పింది. అవతల ఏదో అడిగారు. "హాఁ సర్, మైఁనే," అని తానే పెట్టానని ఒప్పుకుంది. మళ్లీ ఏదో అడిగారు. మళ్లీ అదే చెప్పింది. మోహిత్ సిగరెట్ ముట్టించుకుని దూరంగా వెళ్లాడు. కూలీలు మిషను టెంపోలోకి ఎక్కించారు.

"ఏటన్నారు?" అని అడిగింది సింహాచలమ్మ.

"గది..." యోగిత మాట కోసం ఆగింది. "గది ఉంటాది."

"నీ ఉజ్జోగం?"

"పతా నహీఁ." తెలీదని తల అడ్డంగా ఊపింది.

సింహాచలమ్మ లేచి పీట యోగిత వైపు జరిపింది. యోగిత కూర్చోలేదు. గోడ పడగొట్టిన బర్మామైన్స్ ఇల్లు ఎవరిదని మోహిత్‌ని అడిగింది. అప్పలరాజు అనే తెలుగాయనది అన్నాడతను.

"ఆంటీ, గల్తీ హో గయీ... తెలుగులో ఎలా?"

"తప్పయిపోనాది అనాల."

"తప్పయి..."

"పోనాది. ఆ ఇంటోల్లు తిడతారు పాపా. మద్దిలో తిరిగొచ్చీకు. నిలబడి ఇను."

యోగిత బర్మామైన్స్ వెళ్లడానికి స్కూటీ తాళం తీసింది.