పది రోజుల నీళ్ళు

మా పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. మా ఆయన తుమ్మినా నాకు ముచ్చటగానే ఉంటుంది. మేమిద్దరం పనిచేసేది బట్టలకి రంగులద్దే ఒకే మిల్లులో. రోజూ బోరు మీటరు చూసి రీడింగు రాసేది ఆయన. ఆ అంకెలు పోగేసి, కంపెనీ నీళ్ళూ కరెంటూ ఎంత పొదుపుగా వాడిందో చెప్పే సస్టెయినబిలిటీ రిపోర్టు రాసేది నేను.

కిందటేడు మా కంపెనీ గేటు ముందు వీధికి మాటిచ్చింది. నీటి వాడకం నాలుగో వంతు తగ్గిస్తాం, మిగిలినదాంతో మీకు కుళాయి వేస్తాం అని. మాటదేముంది, ఎవరైనా ఇస్తారు. మేం పాటించే రిపోర్టింగ్ ప్రమాణాలు మాత్రం ఎంత కొలిచారు, ఎవరు కొలిచారు, లోటెక్కడ అని గుచ్చి గుచ్చి అడుగుతాయి. బయటి ఆడిటరు గారు సరే అంటేనే కుళాయి.

ఆ వీధిలోనే ఉండే మా క్యాంటీన్ అక్క పొద్దున్నే టీ ఇస్తూ, "కొత్త పెళ్ళికూతురా, ఇవాళే కదా తేలేది? బిందెలు తోమి పెట్టుకున్నాను. ఇక నీదే భారం" అంది.

సీటుకొచ్చేసరికి ఆడిటరు గారు ఒక పేజీ దగ్గర ఆగిపోయి ఉన్నారు.

"ఏమ్మా, ఈ పది రోజులూ రోజుకి సరిగ్గా రెండు వందల పన్నెండు కిలోలీటర్లు. చుక్క అటూ ఇటూ లేదు. మీ బోరుకి అంత క్రమశిక్షణా?"

ఆ తేదీలు నాకు కంఠతా వచ్చు. మా పెళ్ళి సెలవులవి.

మా ఆయన్ని పిలిపించాను. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తిరిగొచ్చాక మీటరులో పెరిగిన మొత్తాన్ని పదితో భాగించాను సార్. గళ్ళు ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదని."

ఇంట్లో దుప్పటి మడతలూ ఇంతే సమానంగా పెడతాడు. నిన్నటిదాకా మురిసిపోయాను.

"ఆ మొత్తానికి రుజువేది? లేకపోతే ఆ నెల లెక్కలోకి రాదు. మాట నిలబెట్టుకున్నారని నేను రాయలేను."

రుజువు నా ఫోన్‌లో ఉంది. సెలవు పెట్టిన సాయంత్రం ఆయన పంపిన మీటరు ఫొటో, కింద ఒక మెసేజ్. తిరిగొచ్చిన రోజున మీటరుకి అటో బుగ్గా ఇటో బుగ్గా ఆనించి దిగిన సెల్ఫీ.

చెవులు వేడెక్కాయి. కానీ తోమి పెట్టిన బిందెలు గుర్తొచ్చాయి. ఫోన్ ఇచ్చేశాను.

ఆడిటరు గారు పైకే చదివారు. "'ఇదే ఆఖరి ఒంటరి రీడింగు, బంగారం.'" దగ్గి, అంకెలు రాసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు. రెండు వేల నూట ఇరవై.

"కుదిరింది. కానీ లోటు దాచకూడదమ్మా. రాయి."

రాశాను: "ఈ పది రోజులకు రోజువారీ రీడింగులు లేవు. మొత్తాన్ని సమానంగా పంచాం. కారణం: మీటరు చూసే ఉద్యోగి పెళ్ళి. ఈ రిపోర్టు రాసినది పెళ్ళికూతురే. ఇకపై సెలవుల్లో వేరొకరు చూస్తారు."

"ఫొటోలు అనుబంధంలో పెట్టు. బుగ్గలు కత్తిరించుకో, అంకెలు మాత్రం వద్దు" అంటూ సంతకం చేశారు. తగ్గుదల ఇరవై ఆరు శాతం. రోజుకో శాతం చొప్పున మా పెళ్ళికి కట్నంలా అనిపించింది.

క్యాంటీన్‌కి పరుగెత్తి చెప్తే అక్క, "బిందె నిండాక చెప్పు" అంది.

నెల తిరక్కుండానే నిండింది. కుళాయికీ ఒక మీటరు పెట్టారు. మొదటి రీడింగు ఫొటో మా ఆయనే తీశాడు. ఈసారి మీటరు చుట్టూ మూడు బుగ్గలు. అక్కది కాస్త తడిగా ఉంది.