వైకుంఠం చెప్పులు

సీమోను ఎడమ చెప్పును గాలివాలుకు తిప్పి పట్టుకుని పొడి బ్రష్షుతో బూజు దులుపుతున్నాడు. ముందే తడిగుడ్డ తగిలిస్తే బూజు తోలులోకి దిగుతుందని నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాడు. వింటేగా! ముసురు పట్టిందంటే ఛత్రినాకలో బీరువాల్లోని బెల్టులూ బూట్లూ తెల్లగా నూగెక్కి, అతను చెప్పులు బాగుచేసే రేకుడబ్బా కొట్టు ముందుకొస్తాయి.

ఈ చెప్పులు కాశమ్మ భర్త వైకుంఠానివి. మనిషి పోయి ఏడాదైంది. లోపల మగదిక్కు ఉందని నలుగురూ అనుకోవాలని ఆమె వాటిని గడప ముందే ఉంచుకుంటుంది. బూజు పట్టిన చెప్పుల్ని చూస్తే దారినపోయేవాడికైనా సంగతి తెలిసిపోతుంది.

"రోజూ తొడుక్కున్నట్టే ఉండాలె అన్నా," అంది పొద్దున. "కొత్తగ మెరిసినా అందరికి ఎర్కైతది."

"ఫికర్ చెయ్యకు చెల్లె. రెండింటికి రా."

వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండాడు. బొటనవేలు ఆని ఆని నల్లగా గుంటపడిన చోటికి వచ్చేసరికి చేయి దానంతటదే ఆగింది. ఒకప్పుడు ఇలా ఆగలేదు. భార్య బేబీ చనిపోయిన వానాకాలంలోనే, నూగుతోలుతో చేసిన ఆమె స్వేడ్ పర్సుకు బూజు పట్టింది. నూగంతా లేచి నిలిచేదాకా బ్రష్షు కొట్టాడు. మూత దగ్గర ఆమె వేళ్లకు నున్నబడిన మచ్చ బూజుతో పాటే పోయింది. పర్సు కొట్లో వేలాడే కొత్తదానిలా తయారైంది, ఇంకెవరిదో అన్నట్టు. అంత బాగా పనిచేసినందుకు తనను తానే తిట్టుకుని ఏడ్చాడు. ఊరుకోమనడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు గుంట చుట్టూ గుడ్డకొనతో మాత్రమే తుడిచాడు. తోలునూనె పల్చగా రాసి చెప్పుల్ని నీడన ఆరబెట్టాడు. ఛాతీలో పట్టేసినట్టుంటే గోడకు ఆనుకుని కళ్లు మూశాడు.

రెండింటికి కాశమ్మ వచ్చింది. కునుకు తీస్తున్నాడనుకుని తనే చెప్పులు చేతిలోకి తీసుకుంది. వేలిగుంటలు రెండూ అలాగే ఉన్నాయి.

"గట్లనే ఉంచినవ్ అన్నా!" అని సంబరంగా భుజం తట్టింది. సీమోను పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

ఎవరో ఆటో పిలిచి అతన్ని ఎక్కించారు. వైకుంఠం చెప్పుల్ని సంచిలో పెట్టుకుని, ఏడుస్తూ కాశమ్మే వెంట వెళ్లింది. రేకుడబ్బా పక్కన, పొద్దున పనికి కూర్చుంటూ సీమోను విడిచిన చెప్పుల జత ఉండిపోయింది. దాని పట్టీల కింద, దులుపుకోవడానికి తీరిక దొరకని బూజు.